మీకు తెలుసా? కోసేకొద్దీ గుబురయ్యే పుదీనా

మిద్దెతోట మొదలుపెట్టినవాళ్లు ముందుగా నాటే మొక్కల్లో పుదీనా తప్పకుండా ఉంటుంది. మొదటి నెల కుండీ పచ్చగా కళకళలాడుతుంది. మూడో నెలకు తీగలు సాగి, ఆకు సన్నబడి, కాడలు బోసిపోతాయి. నీళ్లు చాలలేదేమోనని ఒకరు, ఎరువు తగ్గిందేమోనని మరొకరు అనుకుంటారు. చాలా ఇళ్లలో అసలు కారణం ఆకును సరిగ్గా కోయకపోవడమే. పుదీనా కాడ, కణుపు, వేరు అన్నీ తెగినచోట మళ్లీ లేవడానికి అనువుగా ఉంటాయి. ఈ కిటుకు తెలిస్తే రెండు మూడు కుండీలతోనే పచ్చడికి, బిర్యానీకి, మజ్జిగకు ఇంటి ఆకు సరిపోతుంది.

టేకు చెట్టు పుదీనాకు చుట్టం

పుదీనా కాడను రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పి చూడండి. గుండ్రంగా కాకుండా నాలుగు పలకలుగా తగులుతుంది. ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. ఒక జంట తూర్పు పడమరలుగా ఉంటే దాని పై జంట ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. తులసి, మరువం, రుద్రజడ, వాము ఆకు, వినాయక చవితినాడు చాలామంది వండుకునే తుమ్మికూర ఇవన్నీ పుదీనాతో పాటు లామియేసీ కుటుంబానివే. బాలింతల స్నానానికి వాడే వావిలి కూడా ఇదే కుటుంబం. తలుపులకూ మంచాలకూ వాడే టేకును కూడా శాస్త్రవేత్తలు ఇప్పుడు ఈ కుటుంబంలోనే చేర్చారు. లేత టేకు కొమ్మను పట్టుకు చూస్తే ఆ పలకలు దానికీ కనిపిస్తాయి.

ఒక కోతకు రెండు చిగుళ్లు

ఆకుల జంట కాడకు అతుక్కునే చోటే కణుపు. అక్కడ ప్రతి ఆకు మొదట్లో ఒక మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. కాడ కొన చిగురు ఆక్సిన్ అనే హార్మోన్‌ను కిందికి పంపుతూ ఆ మొగ్గలను అదిమి ఉంచుతుంది. కొన తెంపగానే ఆ అదుపు పోతుంది, రెండు మొగ్గలూ లేచి రెండు కొమ్మలవుతాయి. ఆ రెంటినీ తెంపితే నాలుగు. కోయకుండా వదిలేసిన పుదీనా ఒంటి తీగగా సాగడానికి, కోస్తున్న పుదీనా గుబురుగా మారడానికి కారణం ఇదే. కోత ఎప్పుడూ కణుపుకు కాస్త పైన పడాలి. రెండు కణుపుల మధ్యలో కోస్తే పైన మిగిలిన మోడు ఎండి నల్లబడుతుంది.

కూరల కట్టలోంచే నారు

పుదీనా నాటడానికి నర్సరీకి వెళ్లక్కర్లేదు. బజారులో కొన్న కట్టలో లావుగా, గట్టిగా ఉన్న నాలుగైదు అంగుళాల కాడలు ఏరండి. కింది సగం ఆకులు తుంచి, ఆ కణుపులు మునిగేలా గ్లాసు నీళ్లలో నిలబెట్టండి. ఎండ తగలని వెలుతురులో ఉంచి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. వారం పది రోజుల్లో కణుపుల దగ్గర తెల్లటి వేళ్లు వస్తాయి. అవి అంగుళం పొడవు కాగానే మట్టిలోకి మార్చాలి. నీళ్లలో మరీ పొడవుగా పెరిగిన వేళ్లు పెళుసుగా ఉండి నాటేటప్పుడు విరిగిపోతాయి. కట్టలో అడుగున గోధుమరంగు పిలక వేరుతో వచ్చిన కాడ దొరికితే అదే అన్నిటికన్నా మేలు. దాన్ని నేరుగా తడి మట్టిలో పడుకోబెట్టి, పైన అంగుళం మట్టి కప్పితే చాలు.

పెప్పర్‌మింట్‌కు గింజ కట్టదు

ఆన్‌లైన్‌లో పెప్పర్‌మింట్ విత్తనాల పొట్లాలు కనిపిస్తే తొందరపడకండి. పెప్పర్‌మింట్ అనేది నీటి పుదీనా, స్పియర్‌మింట్ అనే రెండు జాతులు కలిసి పుట్టిన సంకరం. ఇంగ్లండ్‌లో 1696లో జాన్ రే అనే శాస్త్రవేత్త దీన్ని మొదట వర్ణించాడు. ఈ మొక్కకు పూలు పూసినా గింజ దాదాపుగా కట్టదు. అందుకే ప్రపంచమంతా దీన్ని కాడలతో, పిలకలతోనే పెంచుతారు. గింజ కట్టే ఇతర పుదీనాలు కూడా విత్తనం నుంచి మొలిస్తే తల్లి వాసనే వస్తుందన్న నమ్మకం లేదు. అదే కాడతో పెంచితే తల్లి మొక్కకు అచ్చుగుద్దినట్టు అదే ఆకు, అదే వాసన. బాగా నచ్చిన పుదీనా ఎవరింట్లోనైనా కనిపిస్తే ఒక్క కాడ అడిగి తెచ్చుకోండి.

లోతు కుండీ కన్నా వెడల్పు తొట్టి

పుదీనా కిందికి తవ్వుకుపోయే మొక్క కాదు. దాని పిలక తీగలు మట్టి పైపొరలోనే అడ్డంగా పాకుతాయి. అందుకే ఎనిమిది పది అంగుళాల లోతుండి వెడల్పు ఎక్కువున్న తొట్టి దీనికి సరిగ్గా సరిపోతుంది. పాత ప్లాస్టిక్ టబ్బు అడుగున చిల్లులు పెట్టినా చాలు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపి, గుప్పెడు వేపపిండి వేయండి. మాగని పచ్చి పేడ మాత్రం వద్దు. అది వేళ్లను మాడ్చడమే కాక, మనం పచ్చిగా తినే ఆకుకు క్రిములను అంటిస్తుంది.

నేలలో వేస్తే కట్టడి కావాలి

పెరట్లో నేరుగా నాటితే పుదీనా పక్క మడుల్లోకీ పాకిపోతుంది. పాకిన తీగ కణుపు మట్టిని తాకినచోటల్లా వేరు దించుకుని కొత్త మొక్కవుతుంది. దీన్ని ఆపడానికి సులువైన మార్గం అడుగు తీసేసిన బకెట్. దాని అంచు నేల మీద రెండు అంగుళాలు పైకి ఉండేలా పాతి, అందులో పుదీనా నాటాలి. కుండీని మట్టి నేల మీద పెట్టినా అడుగు చిల్లుల్లోంచి వేళ్లు దిగుతాయి కాబట్టి కింద ఒక బండో ఇటుకో వేయండి.

మన ఎండకు పొద్దుటి వెలుగు చాలు

చల్లటి దేశాల తోటపని పుస్తకాలు పుదీనాకు రోజంతా ఎండ కావాలంటాయి. 40 డిగ్రీలు దాటే మన వేసవికి ఆ సలహా పనికిరాదు. ఉదయం మూడు నాలుగు గంటల ఎండ, మధ్యాహ్నం నుంచి నీడ, ఇదీ మన దగ్గర పుదీనాకు నచ్చే చోటు. తూర్పు బాల్కనీ దీనికి మంచి స్థలం. డాబా మీదైతే మార్చి నుంచి జూన్ దాకా షేడ్ నెట్ కట్టండి, లేదా పెద్ద మొక్కల నీడకు జరపండి. పూర్తి చీకటి మూల కూడా వద్దు. అక్కడ కాడలు వెలుగు కోసం సాగి, ఆకు పలచబడి, వాసన తగ్గుతుంది.

వాలిన ఆకు రెండు మాటలు చెబుతుంది

పుదీనాకు తేమ ఇష్టం, నిలవ నీరు గిట్టదు. ఆకులు వాలగానే నీళ్లు పోసేయకుండా ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి. అంగుళం లోతున పొడిగా ఉంటే అది దాహం. నీళ్లు పోసిన కొన్ని గంటల్లో తేరుకుంటుంది. మట్టి తడిగా ఉండి కూడా ఆకు వాలితే వేరు కుళ్లుతోందని అర్థం. చిల్లు మూసుకుపోయిందేమో చూసి, నీళ్లు ఆపి, బాగున్న కొనలు కోసి వేరేచోట నాటుకోవాలి. నీళ్లు ఎప్పుడూ మొదట్లోనే పోయండి. సాయంత్రం ఆకుల మీద చల్లిన నీళ్లు రాత్రంతా ఆరక తెగుళ్లకు దారి తీస్తాయి.

కోతకు కొలత పూత కాదు, ఎత్తు

పూత రాబోయే ముందు ఆకులో నూనె నిండుగా ఉంటుందని, అప్పుడే కోయాలని పరదేశాల పుస్తకాలు రాస్తాయి. అక్కడ అది సరైన మాటే. కానీ పుదీనా పూయాలంటే పగలు పొడవుగా ఉండాలి. పెప్పర్‌మింట్‌కైతే 14 గంటలకు పైబడిన పగలు కావాలి. హైదరాబాద్‌లో జూన్‌లో వచ్చే అతి పొడవైన పగలు కూడా 13 గంటలకు కాస్త పైనే. అందుకే మన కుండీల్లో పుదీనా పూత అరుదు. దాని కోసం కాచుకుని కూర్చుంటే కింది ఆకులు పండిపోతాయి. మన కొలత ఎత్తే. నాటిన నెలన్నర, రెండు నెలలకు మొక్క ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు పెరగగానే మొదటి కోత కోసేయండి. కింది ఆకు పసుపు తిరగడం మొదలైతే కోత ఆలస్యమైందని గుర్తు.

రెండు అంగుళాలు వదలాలి

కోతకు పొద్దున్నే, ఆకు మీది మంచు తడి ఆరగానే మంచి వేళ. ఎండ ముదిరితే ఆకు బిగువు తగ్గుతుంది. కత్తెరతో కోయండి. చేత్తో లాగితే పైపైన ఉండే వేరు తీగలు కదిలిపోతాయి. రోజూ కావలసిన నాలుగు ఆకులకైతే కొనలు తుంచుకోవచ్చు. పచ్చడికి కట్టంత కావాలంటే నేల నుంచి రెండు అంగుళాలు, కనీసం ఒకటి రెండు కణుపులు వదిలి మొత్తం కోసేయండి. ఆకులు మాత్రమే గిల్లి కాడలను బోడిగా నిలబెట్టడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. కోసిన వెంటనే రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు చల్లి నీళ్లు పోస్తే మూడు నాలుగు వారాల్లో కుండీ మళ్లీ నిండుతుంది.

వాసన ఆకు పైనే ఉంటుంది

పుదీనా నూనె ఆకు పొట్టలో దాగి ఉండదు. ఆకు మీద, ముఖ్యంగా అడుగు వైపు, కంటికి ఆనని చిన్న చిన్న గ్రంథుల్లో నిలవ ఉంటుంది. ఆకును నలపగానే ఆ గ్రంథులు పగిలి వాసన గుప్పుమంటుంది. రోమన్ కవి ఓవిడ్ తన ‘మెటమార్ఫొసెస్’ కావ్యంలో ఒక పేద ముసలి దంపతుల కథ చెప్పాడు. మారువేషంలో వచ్చిన దేవతలకు వడ్డించే ముందు ఆ ఇల్లాలు బల్లను పచ్చి పుదీనాతో రుద్ది తుడుస్తుంది. రుద్దితేనే వాసన వస్తుందని ఆమెకు తెలుసన్నమాట. మనమూ కోసేటప్పుడు, కడిగేటప్పుడు ఆకును నలపకుండా చూసుకుని, మజ్జిగలోనో నిమ్మరసంలోనో వేసే ముందు అరచేతుల మధ్య ఒక్కసారి చరిస్తే చాలు.

కుండీ పెడితే దోమలు పోవు

పుదీనా నూనెకు దోమలను కొంతసేపు దూరంగా ఉంచే గుణం ఉన్నమాట నిజమే. కానీ ఆ నూనె గ్రంథుల్లో మూతపడి ఉన్నంతసేపూ కిటికీలో పెట్టిన కుండీ దోమలను ఆపలేదు. పైగా కుండీ కింది పళ్లెంలో నీళ్లు నిలిస్తే దోమలు అక్కడే గుడ్లు పెడతాయి. డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమకు ఆ కాసిన్ని నీళ్లు చాలు. వారానికోసారైనా పళ్లెం ఒంపి, రుద్ది, ఆరబెట్టండి.

చల్లదనం నోటికి కలిగే భ్రమ

పిప్పరమెంటు బిళ్ల చప్పరిస్తే నోరు చల్లబడినట్టుంటుంది. నిజానికి వేడి ఏమాత్రం తగ్గదు. మన నరాల కొసల్లో టీఆర్‌పీఎమ్8 అనే గ్రాహకం ఉంటుంది. వేడి సుమారు 26 డిగ్రీల కన్నా తగ్గితే అది తెరుచుకుని మెదడుకు చలి కబురు పంపుతుంది. మెంథాల్ తగిలినా అదే తలుపు తెరుచుకుంటుంది. డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ బృందాలు 2002లో విడివిడిగా దీన్ని కనిపెట్టాయి. వేడి, స్పర్శ గ్రాహకాల మీద చేసిన పనికి 2021లో ఆ ఇద్దరికీ వైద్యశాస్త్ర నోబెల్ దక్కింది. మీ కుండీలోది ఏ రకమో దీంతోనే పోల్చుకోవచ్చు. నమిలితే నోరు జివ్వుమని చల్లబడితే మెంథాల్ ఎక్కువున్న రకం. చల్లదనం పెద్దగా లేకుండా తియ్యటి వాసన వస్తే స్పియర్‌మింట్.

సోయికూర గింజలో ఉన్నదీ ఆ పదార్థమే

స్పియర్‌మింట్ వాసనకు మూలం కార్వోన్ అనే పదార్థం. సోయికూర గింజల ఘాటుకూ కార్వోనే కారణం. రెంటిలోనూ అవే పరమాణువులు, అదే సంఖ్య. తేడా ఒక్కటే, ఎడమచేయి, కుడిచేయి ఉన్నట్టు ఒకటి మరొకదానికి అద్దంలోని ప్రతిబింబం. మన ముక్కులోని గ్రాహకాలు ఆ కుడి ఎడమల తేడాను పసిగట్టి రెండు వేర్వేరు వాసనలుగా చెబుతాయి.

మూడు గట్టి పదార్థాలు కలిస్తే నీరు

కిరాణా కొట్లో దొరికే పిప్పరమెంటు పువ్వు అంటే మెంథాల్ స్ఫటికాలే. దానికి వాము పువ్వు, కర్పూరం చేర్చి సీసాలో కలిపితే మూడూ కరిగి ద్రవమైపోతాయి. వేడి పెట్టక్కర్లేదు. విడివిడిగా గట్టిగా ఉండే ఈ మూడూ కలిసినప్పుడు కరిగే ఉష్ణోగ్రత గది వేడి కన్నా కిందికి పడిపోతుంది. పాతతరం ఇళ్లలో అమృతధార పేరుతో ఉండే సీసా ఇదే. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనంలోనూ నేడు ఉండే మందుల్లో మెంథాల్ ఒకటి.

ఆ మెంథాల్ వచ్చేది ఉత్తరప్రదేశ్ పొలాల నుంచి

1939 నాటికి ప్రపంచానికి కావలసిన పుదీనా ఉత్పత్తిలో 70 శాతం దాకా జపాన్‌లోని కిటమీ ప్రాంతం నుంచే వచ్చేది. 1950ల్లో ఆ జపాన్ పుదీనా మన దేశానికి వచ్చింది. ఇప్పుడు సహజ మెంథాల్‌లో భారతదేశానిదే మొదటి స్థానం. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ, రాంపూర్, సంభల్ వైపు రైతులు రబీ పంటకూ వరికీ మధ్య దీన్ని వేసి, కోసి, ఊళ్లోనే ఆవిరిబట్టీల్లో నూనె తీస్తారు. లక్నోలోని ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ కోసీ, హిమాలయ, సిమ్ క్రాంతి వంటి రకాలను వాళ్లకు అందించింది. ఆ సంస్థకు హైదరాబాద్ బోడుప్పల్‌లో కూడా పరిశోధనా కేంద్రం ఉంది.

ఏడాదికోసారి మట్టి మార్పు

అమెరికాలో పెప్పర్‌మింట్ పొలాలను వెర్టిసిలియం అనే శిలీంధ్రం ఎండగొట్టింది. అది మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. తట్టుకునే రకం కోసం మొక్కలకు అణుధార్మిక కిరణాలు పట్టించి, ఏళ్లపాటు ఏరి, చివరికి 1971లో టాడ్స్ మిచమ్ అనే రకాన్ని విడుదల చేశారు. మన కుండీకి అంత అవసరం రాదు. ఏడాదికోసారి కుండీ బోర్లించి, మధ్యలో చిక్కుపడి ఎండిన పాత వేళ్లను తీసేసి, అంచుల్లోని బలమైన పిలకలను కొత్త మట్టిలో నాటితే చాలు. వర్షాలు మొదలయ్యే జూన్, జులై ఈ పనికి మంచి అదను.

ఆకు వెనక్కి తిప్పి చూడండి

ఆకు అడుగున నారింజ, గోధుమ రంగు పొడి మచ్చలు కనిపిస్తే అది తుప్పు తెగులు. మందుల జోలికి పోకుండా ఆ కాడలన్నీ మొదలంటా కోసి, చెత్తబుట్టలో వేయండి. కంపోస్టులో వేయొద్దు. కొత్త చిగురు సాధారణంగా ఆరోగ్యంగా వస్తుంది. ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలు, అడుగున సాలెగూడు లాంటి పోగులు ఉంటే ఎర్రనల్లి. వేసవిలో ఎక్కువ. ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టి కడగడమే మొదటి మందు. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లి, వారం దాకా ఆకు కోయకండి.

టమాటా పక్కన పెట్టొద్దు

పండే టమాటాలు, అరటిపళ్ల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. పుదీనా దానికి త్వరగా పసుపెక్కి ఆకు రాలుస్తుంది. కోసిన కాడలను గ్లాసు నీళ్లలో నిలబెట్టి, పైన వదులుగా కవరు కప్పి ఫ్రిజ్‌లో ఉంచితే వారం పైనే బాగుంటుంది. కడగడం వాడే ముందే. ఎండబెట్టి దాచాలంటే నీడలో, గాలి ఆడే చోట ఆరబెట్టండి. ఎండలో పెడితే నూనె ఆవిరైపోయి గడ్డి మిగులుతుంది.

పచ్చడి నల్లబడకుండా

ఆకు నలగగానే అందులోని ఎంజైములు గాలితో కలిసి రంగు మారుస్తాయి. వేడి, పులుపు ఆ ఎంజైములను అణుస్తాయి. ఆకును నూనెలో మగ్గించి, చింతపండు వేసి నూరే మన పద్ధతిలో ఆ రెండూ ఉన్నాయి. పచ్చి ఆకుతో చట్నీ చేసేటప్పుడైతే నిమ్మరసాన్ని చివర్లో కాక మొదట్లోనే వేసి రుబ్బండి.

అందరికీ ఒకే తీరుగా పడదు

పైపూత ఉన్న క్యాప్సూల్స్‌లో ఇచ్చే పెప్పర్‌మింట్ నూనెను పేగుల చికాకు జబ్బుకు (ఐబీఎస్) వాడవచ్చని అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2021లో సూచించింది. అది వైద్యుల సలహాతో వాడే మందు. అదే పుదీనా అన్నవాహిక అడుగున ఉండే కండరాన్ని సడలిస్తుంది కాబట్టి గుండెలో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్లు తగ్గించుకోవడం మేలు. రెండేళ్లలోపు పిల్లల ముక్కు దగ్గర మెంథాల్ బామ్‌గానీ, పిప్పరమెంటు పువ్వుగానీ పెట్టకూడదు. ఊపిరి బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

ఒకటి కాదు, మూడు కుండీలు

కోసిన కుండీ నిండడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఒకే కుండీ ఉంటే దాని మీద జాలిపడి కోయడం మానేస్తాం, లేదా అది తేరుకోకముందే మళ్లీ కోస్తాం. మూడు కుండీలుంటే పది రోజులకొకటి చొప్పున వంతులు పెట్టుకోవచ్చు. రెండో, మూడో కుండీకి ఖర్చేమీ లేదు. మొదటి కోతలో వచ్చిన నాలుగు గట్టి కాడలు చాలు. మీ కుండీలో తీగలు ఇప్పటికే సాగి ఉంటే ఈ వారమే కత్తెర పట్టండి. ఆకు పచ్చడికి, కొనలు కొత్త కుండీకి, మిగిలిన కాడలు అడిగిన పొరుగింటికి.